ఎనిమిది అడుగుల ఉప్పునీటి రాడ్: ఏప్రిల్ నుంచి జూన్ దాకా

ఏప్రిల్ 20

యారాడ దగ్గర బండల మీద నుంచి గాలం వేసే ఒక పెద్దాయన తనకు రెండు స్పిన్నింగ్ రాడ్లు (రీలు తగిలించే గాలం కర్రలు) కట్టిపెట్టమని అడిగారు. విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నన్ను తమ్ముడూ అంటారు, నేను అన్నయ్యా అంటాను. ఒక రాడ్ బండల మీద పార, పండుగప్ప చేపలకీ, రెండోది పడవ మీద కోనాంకీ తూరకీ. పడవల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలైంది, జూన్ 14తో తీరుతుంది. పడవ రాడ్‌కి అప్పటిదాకా టైముంది కనుక ముందు బండల రాడ్ పట్టుకున్నాను. సామాన్ల ఖర్చు ఆయనది. నా పనికి రాడ్‌కి మూడు వేలు.

అన్నయ్య తన పాత రాడ్ కూడా తెచ్చారు. రీలు తిప్పుతుంటే సీటు, అంటే రీలును బిగించే గొట్టం, కిర్రుమంటోంది. ఎలాగూ పారేసేదే అన్నారు, అందుకని సీటును నిలువునా కోసి చూశాం. లోపల మూడు చోట్ల మామూలు కాగితపు మాస్కింగ్ టేపు చుట్టి, అంచుల్లో మాత్రం జిగురు రాశారు. మధ్యంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఉప్పునీళ్లు దిగి టేపు నానిపోయి బూజు పట్టింది, చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. పైకి చూస్తే రాడ్ ఇంకా కొత్తదానిలాగే మెరుస్తోంది. ఆ ముక్కను నా టేబుల్ మీదే ఉంచుకున్నాను.

ఏప్రిల్ 27

బ్లాంక్, అంటే ఏమీ తొడగని కార్బన్ గొట్టం, చేతికొచ్చింది. 8 అడుగులు, రెండు ముక్కలు. 20 నుంచి 60 గ్రాముల లూర్, అంటే కృత్రిమ ఎర, విసరడానికీ, పీఈ 3 మందం దాకా అల్లిక దారం బ్రెయిడ్‌కీ సరిపోతుంది. ఒకే ముక్క అయితే వంపు ఇంకా నునుపుగా వస్తుంది కానీ అన్నయ్య స్కూటర్ మీద వెళ్తారు. స్కూటర్ మీద పట్టని రాడ్ ఇంట్లోనే ఉండిపోతుంది.

వెన్ను, అంటే బ్లాంక్ ఎక్కువ బిగువుగా ఉండే వైపు, ఎటుందో చూశాను. బ్లాంక్ మొదలును నున్నటి బల్ల మీద ఆనించి, కొన వైపు అరచేతిలో పట్టుకుని, మధ్యలో రెండో చేత్తో నొక్కి దొర్లిస్తే ఒక చోట టక్కున తిరిగి నిలబడుతుంది. రెండు ముక్కలకీ విడివిడిగా గుర్తు పెట్టాను. అయితే గైడ్లు, అంటే దారం దూరి వెళ్లే రింగులు, మాత్రం వెన్నును బట్టి పెట్టడం లేదు. స్పిన్నింగ్ రాడ్‌లో గైడ్లు కిందికి వేలాడతాయి, చేప లాగినప్పుడు రాడ్ మెలితిరిగే బాధ తక్కువ. కంటితో చూస్తే ఏ వైపు తిన్నగా కనిపిస్తుందో ఆ వైపునే నమ్ముతాను.

మే 4

పిడి కొలత. అన్నయ్యను మేడ మీద నిలబెట్టి, బ్లాంక్‌కి రీలును టేపుతో కట్టి, ఉత్తుత్తినే విసిరే భంగిమ పదిసార్లు చేయించాను. పాత రాడ్ మొదలు పొడవై, విసిరిన ప్రతిసారీ చంక కింద చొక్కాకు తగులుకునేదట. రీలు కాడను మొదలు నుంచి 52 సెంటీమీటర్ల దగ్గర, తర్వాత 49, 46 దగ్గర కట్టి చూశాం. 46 దగ్గర ఆయన మోచెయ్యి హాయిగా ముడుచుకుంది. ఇంకేం ఆలోచించలేదు, అదే ఖాయం చేశాం.

సీటు 20 సైజు, అక్కడ బ్లాంక్ మందం 15 మిల్లీమీటర్లు. చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల సందు పూడ్చాలి. కాగితపు టేపు జోలికి పోలేదు. జిప్సం సీలింగ్ పనివాళ్లు అతుకుల మీద అంటించే ఫైబర్ మెష్ టేపు వాడాను. ఒక్కో చుట్టుకీ ఎపాక్సీ పూస్తూ పోతే వలకళ్లలోంచి జిగురు దిగి అంతా ఒకే గట్టి ముద్ద అవుతుంది, నీళ్లు చేరడానికి చోటుండదు. సీటు రెండు చివర్లా జిగురు ఉబికి బయటికొచ్చేదాకా తొడిగి, పైన మిగిలినదాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిచేశాను.

మే 11

ఈవా ఫోమ్ పిడి తొడిగాను. రంధ్రం బ్లాంక్ కన్నా కాస్త బిగుతుగా ఉండాలి, కానీ బలవంతంగా తోస్తే ఈవా పొంగుతుంది. అందుకే ఆకురాయితో కొంచెం కొంచెంగా రాస్తూ, తీసి చూసుకుంటూ చేశాను.

ఆ తర్వాత గైడ్ల చోటు. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. స్పిన్నింగ్ రీలులోంచి దారం చుట్టలు చుట్టలుగా బయటికొస్తుంది. ఆ చుట్టలను మొదటి పెద్ద గైడ్ నుంచి అంచెలంచెలుగా చిన్నవి చేసి, ఒక చోట తిన్నని గీతగా మార్చాలి. ఆ చోటుకి వచ్చే గైడ్‌ని చోకర్ అంటారు. దాని దూరానికి ఒక పాత లెక్క ఉంది: స్పూల్ (రీలులో దారం చుట్టుకునే కండె) బయటి వ్యాసానికి 27 రెట్లు, స్పూల్ ముందు అంచు నుంచి. అన్నయ్య స్పూల్ 56 మిల్లీమీటర్లు. 27తో హెచ్చిస్తే 1512, అంటే 151 సెంటీమీటర్లు. స్పూల్ అంచు మొదలు నుంచి 58 దగ్గరుంది కాబట్టి చోకర్ 209 దగ్గరికి వచ్చింది.

చివరికి తేలిన వరస మొదలు నుంచి సెంటీమీటర్లలో ఇదీ: 30 నంబరు గైడ్ 108 దగ్గర, 20 నంబరుది 140, 16 నంబరుది 167, 12 నంబరుది 190, 8 నంబరు చోకర్ 209, మరో రెండు 8 నంబరువి 222, 233.5 దగ్గర, ఆపైన 244లో కొన. ఇంకా చిన్నవి పెడితే కొన తేలికవుతుంది, కానీ అన్నయ్య లావు లీడర్‌ని, అంటే బ్రెయిడ్ చివర తగిలించే దారాన్ని, ఎఫ్‌జీ అనే ముడితో కడతారు. ఆ ముడి తగులుకోకుండా దూరిపోవడం నాకు ముఖ్యం.

కొలత కాగితం మీద కుదిరినంత మాత్రాన చాలదు. సైకిల్ వాల్వ్ ట్యూబును సన్నటి రింగులుగా కోసి, వాటితో గైడ్లను తాత్కాలికంగా నిలిపాను. దారం ఎక్కించి, కొసకి లీటరు నీళ్ల సీసా కట్టి, రాడ్‌ని ఏటవాలుగా పట్టుకుని పక్క నుంచి చూశాను. మొదట్లో 16 నంబరు గైడ్ 169 దగ్గర ఉండేది. అక్కడ దారం బ్లాంక్ వంపును వదిలేసి మూల తిరుగుతున్నట్టు కనిపించింది. రెండు సెంటీమీటర్లు వెనక్కి జరపగానే సర్దుకుంది. రెండు సీసాలతోనూ చూశాను.

మే 18

గైడ్ పాదాల చివర్లను ఆకురాయితో కత్తి అంచులా పలచన చేశాను. లేకపోతే గైడ్‌ని బిగించడానికి చుట్టే దారం బ్లాంక్ మీద నుంచి పాదం పైకి ఎక్కేటప్పుడు గెంతి సందు వదులుతుంది. రాసిన చోట స్టీలు పైపూత పోతుంది కనుక చుట్టే ముందు అక్కడ పలచగా ఎపాక్సీ తాకించాను. తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

పెద్ద గైడ్లకు డి సైజు దారం, చిన్నవాటికి ఏ సైజు. ఒక్కో పాదానికి వందకు పైగా చుట్లు. దారం సందుల్ని నున్నటి పెన్ను మూతతో రుద్ది మూశాను. రెండు ముక్కలు కలిసే అతుకు దగ్గర ఆడ ముక్క (రెండోదాన్ని లోపలికి తీసుకునేది) అంచుకి కూడా దారం చుట్టాను, లేకుంటే లోడు పడ్డప్పుడు చీలుతుంది.

అన్నయ్యకి ముదురు నీలం కావాలి. మామూలు నైలాన్ దారం ఎపాక్సీ తాగాక ఇంకా ముదురుతుంది, దాదాపు నలుపు అవుతుంది. రంగు మారని దారం కూడా దొరుకుతుంది కానీ అది జిగురును అంతగా పీల్చదు. రెండూ ఒక విరిగిన బ్లాంక్ ముక్క మీద చుట్టి పూత పూసి ఆయనకి చూపించాను. "ఉప్పుకి ఏది గట్టిదో అదే వెయ్యి తమ్ముడూ, ఎండలో చూసుకుంటే నీలమే" అన్నారు. నైలానే వేశాను.

మే 24, 25

దారం చుట్ల మీద ఎపాక్సీ పూత వేసే రాత్రి. ఎపాక్సీ రెండు భాగాలూ చెరో 3 మిల్లీలీటర్లు, రెండు వేర్వేరు సిరంజిలతో. రబ్బరు ముషలం ఉన్న సిరంజిలో సిలికాన్ నూనె ఉంటుంది, దానివల్ల పూతలో గుంటలు పడతాయి. అందుకే రబ్బరు లేని సిరంజిలే వాడతాను. మూడు నిమిషాలు నెమ్మదిగా కలిపి, అల్యూమినియం రేకు మీద పల్చగా పోశాను. గిన్నెలో ముద్దగా ఉంటే వేడెక్కి తొందరగా బిగుస్తుంది, అందులోనూ మే నెల. బుడగలకి స్పిరిట్ దీపాన్ని ఒక్క క్షణం చూపిస్తే చాలు.

నా డ్రయర్ అంటే పాత మైక్రోవేవ్ ఒవెన్ పళ్లెం తిప్పే మోటారు, నిమిషానికి 5 చుట్లు. తొమ్మిదింటికి మొదలుపెట్టాను. తొమ్మిదిన్నరకి గాలివాన వచ్చి కరెంటు పోయింది. పూత ఇంకా కారే దశలోనే ఉంది. నేనూ మా అమ్మాయీ వంతులేసుకుని చేత్తో తిప్పాం, సెల్ లైటు వెలుగులో, నిమిషానికి పావు చుట్టు చొప్పున గంటా ఇరవై నిమిషాలు. కరెంటు వచ్చేసరికి పూత ఎక్కడా జారలేదు. ఆ గంట నాకు టెన్షన్‌గానే ఉంది, కానీ అమ్మాయి అంత ఓపికగా కూర్చుంటుందని నేననుకోలేదు.

పొద్దున చూస్తే పైన పాలమీగడ లాంటి మబ్బు తెర. ఏసీ ఆగిపోయి వాన తేమ గదిలో నిండడంతో ఎపాక్సీలో గట్టిపరిచే భాగం తేమతో కలిసి అలా పైకి తేలింది. అది నీళ్లలో కరుగుతుంది. గోరువెచ్చటి నీళ్లూ కొంచెం డిష్‌వాష్ సబ్బుతో మెత్తగా తుడిచాను. పూర్తిగా గట్టిపడడానికి మరో రోజు ఆగి, సన్నటి ఉప్పు కాగితంతో మెరుపు పోయేదాకా రాసి, ఏసీ గదిలో 26 డిగ్రీల దగ్గర రెండో పూత వేశాను. తుడవకుండా దాని మీదే పూసి ఉంటే రెండో పూత పట్టు దొరక్క పెచ్చులుగా లేచేది.

జూన్ 1

సాగర్‌నగర్ ఇసుకలో తెల్లవారుజామున ఆరింటికి అన్నయ్యా నేనూ. 40 గ్రాముల లోహపు లూర్, పది మీటర్లకో రంగు మారే బ్రెయిడ్. పాత రాడ్‌తో ఏడో రంగు దగ్గర ఆగే దారం దీంతో ఎనిమిదో రంగు దాటింది. ముడి గైడ్లలో ఒక్కసారి కూడా తట్టుకోలేదు. సీటు కిర్రుమనలేదు. అన్నయ్య ఇరవై ముప్పైసార్లు విసిరి, ఏమీ మాట్లాడకుండా రాడ్‌ని తిప్పి తిప్పి చూసుకున్నారు. అతుకు మగ ముక్కకి కొంచెం తెల్ల కొవ్వొత్తి మైనం రాయాలనీ, ఇంటికెళ్లగానే విడదీసి మంచినీళ్లతో కడగాలనీ చెప్పాను.

జూన్ 5

పడవ రాడ్ బ్లాంక్ వచ్చింది, 7 అడుగుల 6 అంగుళాలు, ఒకే ముక్క. దీనికి రీలు పెద్దది, స్పూల్ 66 మిల్లీమీటర్లు. 27 రెట్లు అంటే 178 సెంటీమీటర్లు. స్పూల్ అంచు 66 దగ్గరుంటే చోకర్ 244 దగ్గర పడాలి, కానీ రాడ్ పొడవే 229. లెక్క కొన దాటి గాల్లోకి పోయింది. కాబట్టి రీలు ఇరుసు ఏటవాలును బట్టి దారం బ్లాంక్‌ని ఎక్కడ కలుస్తుందో గీత లాగి, అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ జరుపుతూ విసిరి చూడాల్సిందే. గైడ్లన్నీ వాల్వ్ ట్యూబు రింగుల మీదే ఉన్నాయి. ఆదివారం మళ్లీ సాగర్‌నగర్ వెళ్తున్నాం, ఈసారి అమ్మాయి కూడా వస్తానంది.