ట్రెడెగర్‌ చూసొచ్చాక

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రిచ్‌మండ్‌లో జేమ్స్ నది ఒడ్డున ఉన్న పాత ఇనుప కర్మాగారం ట్రెడెగర్ ఐరన్ వర్క్స్‌కి బావగారు తీసుకెళ్ళారు. ఇప్పుడది మ్యూజియం. కూలగా మిగిలిన ఇటుక గోడల చుట్టూ గాజు భవనం కట్టారు.

అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యానికి దాదాపు 1,100 ఫిరంగులు పోతపోసింది ఇక్కడే. సీఎస్‌ఎస్ వర్జీనియా యుద్ధనౌకకి తొడిగిన రెండంగుళాల మందం ఇనుప పలకలూ ఇక్కడివే.

అందరూ ఫిరంగుల దగ్గర సెల్ఫీలు దిగుతుంటే, నేను 1847 దగ్గర ఆగిపోయాను. కర్మాగారాన్ని నడిపే జోసెఫ్ రీడ్ ఆండర్సన్, ఖర్చు తగ్గుతుందని నల్లజాతి బానిసలకు కొలిమి పని నేర్పించబోయాడు. తెల్ల కార్మికులు సమ్మెకి దిగారు. బానిసత్వం తప్పని కాదండోయ్, తమ పొట్ట కొడుతున్నారని! ఆయన వాళ్ళని తీసేసి బానిసలను పెట్టుకున్నాడు. యుద్ధంలో ఆ ఫిరంగుల తయారీలో వాళ్ళ చెమటా ఉంది. ఎవరి స్వేచ్ఛకి అడ్డంగా ఆ యుద్ధం జరుగుతోందో వాళ్ళ చేతే!

యుద్ధకాలంలో ఆర్డర్లకు కొదవ లేదు, కరిగించడానికి ఇనుమే కరువు. సొంతంగా ఇనుము తీసే బట్టీలు నడుపుకున్నా చాల్లేదు.

1865 ఏప్రిల్‌లో ఊరు తగలబడుతుంటే సొంత కార్మికులనే కాపలా పెట్టి ఫ్యాక్టరీని కాపాడుకున్నాడు ఆండర్సన్. దక్షిణాది ఓడాక, అదే ఏడాది ప్రభుత్వం నుంచి క్షమాభిక్ష కూడా దొరికింది, మళ్ళీ వ్యాపారం మొదలుపెట్టాడు. బావగారు "తెలివైనోడు" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.