న్యూజెర్సీలో మన పెళ్లి క్యాసెట్లు

ఎడిసన్, ఐసెలిన్ ఊళ్ల మీదుగా సాగే ఓక్ ట్రీ రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న దుకాణంలో నేను పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తున్నాను. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు పిల్లల పుట్టినరోజులు, క్రిస్మస్ పండుగలు తీసిన హై8, మినీడీవీ టేపులు తెస్తారు. మనవాళ్లు తెచ్చేవి ఎక్కువగా పెళ్లి క్యాసెట్లు. వాటిలో చాలావరకు తెచ్చినవాళ్లు స్వయంగా హాజరు కాలేకపోయిన పెళ్లిళ్లే కావడం ఈ పనిలో చేరాకే నాకు అర్థమైంది. అన్న పెళ్లో, చెల్లెలి పెళ్లో జరుగుతున్నప్పుడు వాళ్లు ఇక్కడ ఉన్నారు, తరవాత ఊరి నుంచి వస్తున్న ఎవరిచేతో ఇంటివాళ్లు ఆ క్యాసెట్ పంపించారు.

ఆ క్యాసెట్‌ను అమెరికాలో కొన్న వీసీఆర్‌లో పెడితే బొమ్మ సరిగా రాదు. అందువల్ల పాడైపోయిందనుకుని ఏళ్ల తరబడి పక్కన పెట్టేసినవాళ్లు ఉన్నారు. నిజానికి అది పాడవలేదు. మన దేశంలో టీవీ ప్రసారానికీ వీడియోకూ వాడింది పాల్ పద్ధతి, అంటే తెర మీద 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. వీసీఆర్ లోపల, టేపు మీది బొమ్మను చదివే హెడ్లు బిగించిన డ్రమ్ము పాల్ మెషీన్‌లో నిమిషానికి 1500 సార్లు తిరిగితే ఎన్‌టీఎస్‌సీ మెషీన్‌లో 1800 సార్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది, టేపు నడిచే వేగం కూడా వేరు. క్యాసెట్ డబ్బా మాత్రం రెండు చోట్లా ఒకటే కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు. మా దుకాణంలో మన క్యాసెట్ల కోసమే యూరప్ నుంచి తెప్పించిన పాల్ డెక్కులు, అంటే పాల్ వీసీఆర్లు, ఉన్నాయి. ఇక్కడి 120 వోల్టుల కరెంటును 230కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ మీద అవి నడుస్తాయి.

ఒకప్పుడు మనవాళ్లు ఈ ఇబ్బందిని దాటడానికి క్యాసెట్‌ను ఎన్‌టీఎస్‌సీలోకి మార్పించుకుని ఆ కాపీనే చూసుకున్నారు. ఇప్పుడు దుకాణానికి తెచ్చేదీ తరచుగా ఆ కాపీయే. ఒక వీహెచ్‌ఎస్ (ఈ పెళ్లి క్యాసెట్ల రకం పేరు అదే) నుంచి మరో వీహెచ్‌ఎస్‌కు ఎక్కించినప్పుడల్లా రంగు చెదురుతుంది, ముఖాల్లో వివరం తగ్గుతుంది, పైగా 25 ఫ్రేములను 30 చేసినందువల్ల కదలికలో కుదుపు చేరుతుంది. అందుకని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది అసలు క్యాసెట్ ఎక్కడుందని. "గుడివాడలో మా అన్నయ్య ఇంట్లో, అటక మీద ఉండాలండీ" వంటి జవాబు వస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు దాన్ని చేతిసంచీలో పెట్టుకుని తెమ్మంటాను. విమానాశ్రయంలో సామాన్లు చూసే ఎక్స్‌రే వల్ల అయస్కాంత టేపు చెరిగిపోదు, ఆ భయం అక్కర్లేదు.

కోస్తా ఊళ్ల ఉక్కలో, చెమ్మలో ఏళ్లు గడిపిన క్యాసెట్‌ను నేరుగా మెషీన్‌లోకి తోయకూడదు. డబ్బా మీది అద్దం గుండా చూస్తే టేపు చుట్ట అంచున తెల్లని పొడి మచ్చలు కనిపిస్తాయి. అది బూజు. ఒక్క బూజు క్యాసెట్ నడిపితే హెడ్లకు అంటుకుని, తరవాత పెట్టిన శుభ్రమైన క్యాసెట్లకూ పాకుతుంది. అటువంటివాటిని డబ్బా విప్పి, మూతికి మాస్కు కట్టుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త డబ్బాలోకి మార్చి, దానికని విడిగా ఉంచిన డెక్కులో మాత్రమే ఆడిస్తాం. వీసీఆర్లను చివరివరకూ తయారు చేసిన జపాన్ సంస్థ ఫునాయి కూడా 2016లో ఆపేసింది కాబట్టి హెడ్డు చెడితే మరో పాత మెషీన్ నుంచి పీకి తెచ్చుకోవడమే మార్గం. ఆ జాగ్రత్త అందుకే.

ఎక్కించే పనిలో తొందర అనేది లేదు. మూడు గంటల ఈ-180 క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది. సాగిన టేపు నుంచి ఒక్కో గీత ఒక్కో క్షణం అటూ ఇటూగా వస్తుంది, అందువల్ల పెళ్లి పందిరి రాటలు వంకర తిరిగి ఊగుతూ కనిపిస్తాయి. ఆ గీతలను వరుసలో పెట్టడానికి టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న డెక్కు కావాలి, రంగునూ వెలుతురునూ విడివిడిగా పంపే ఎస్-వీడియో తీగ కావాలి. చవక యూఎస్‌బీ పరికరాలు చాలావరకు ఈ ఊగిసలాటను తట్టుకోలేక ఫ్రేములు వదిలేస్తాయి, కాసేపటికి పురోహితుడి పెదవులకూ మంత్రానికీ పొంతన పోతుంది. మేం ఏ వివరమూ పోని కోడెక్‌లో (వీడియోను ఫైలుగా కుదించే పద్ధతి) 720 బై 576 కొలతతో తీసుకుంటాం. గంటకు సుమారు 35 గిగాబైట్లు అవుతుంది. ఎడిటింగ్ ఏదైనా ఆ మూలప్రతి భద్రంగా దాచిన తరవాతే.

ఆ మూలప్రతిలో ఏదీ కత్తిరించకూడదని నా గట్టి అభిప్రాయం. వచ్చినవాళ్లలో చాలామంది "జీలకర్రబెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు ఉంచి, ఆ భోజనాల బంతులు తీసేయండి" అంటారు. నేను ఒప్పుకోను. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఫొటోల ఆల్బమ్‌లోనూ ఉన్నారు. లైటు పట్టుకున్న కుర్రాడు ముందు నడుస్తూ ఉండగా కెమెరా బంతి పొడుగునా సాగినప్పుడు, వెలుగు పడి తలవంచుకున్న మేనత్తలు, విస్తరి ముందు కూర్చున్న పాలేరు, నీళ్లు పోస్తున్న పొరుగింటి పిల్ల ఆ ఒక్కచోటే కనిపిస్తారు. కావాలంటే పిల్లలకు పంపడానికి ఇరవై నిమిషాల ముక్క విడిగా చేసి ఇస్తాను, మొత్తం మాత్రం మొత్తంగానే ఉండాలి.

మాటల సంగతి ఇంకా ముఖ్యం. అప్పటి స్టూడియోలు పెళ్లి వీడియో మీద సినిమా పాటలు పరిచేసేవి. నాదస్వరం, మంత్రాలు, చుట్టాల కబుర్లు అన్నీ దాని కింద కప్పబడిపోయేవి. అయితే వీహెచ్‌ఎస్‌లో శబ్దానికి రెండు చోట్లు ఉంటాయి. టేపు అంచున ఉండే మామూలు ట్రాక్ ఒకటి, బొమ్మతోపాటు తిరిగే హెడ్లు రాసే హైఫై ట్రాక్ మరొకటి. ఆడియో డబ్ మీట నొక్కి పాట పరిస్తే అది అంచు ట్రాక్ మీదే పడుతుంది, బొమ్మ చెరపకుండా హైఫైని మార్చడం కుదరదు. కాబట్టి హైఫై ఉన్న కెమెరాతో తీసి, పాటను అదే క్యాసెట్ మీద కలిపి ఉంటే, అసలు శబ్దం అడుగున అలాగే మిగిలి ఉంటుంది.

గ్రీన్‌కార్డు కాగితాలు నడుమ ఉండి చెల్లెలి పెళ్లికి వెళ్లలేకపోయిన ఒకావిడ తెనాలి నుంచి అసలు క్యాసెట్ తెప్పించారు. ఆమె పక్కన కూర్చుని చూస్తుండగా నేను డెక్కు మీద శబ్దం మీటను నార్మల్ నుంచి హైఫైకి జరిపాను. పాట ఆగిపోయింది. వంటశాల వైపు నుంచి ఒక పెద్దాయన, వడ్డనకు నెయ్యి ఇంకా రాలేదేమని కేకలేస్తున్నారు. "ఆగు బాబూ, కాస్త వెనక్కి తిప్పు" అన్నారు ఆవిడ. "ఇది కెమెరా పక్కన అప్పుడు వినబడిన శబ్దం, ఆంటీ. పాట దీని మీద పడలేదు" అని చెప్పాను. "మా నాన్నగారు" అని మాత్రం అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి పెళ్లి క్యాసెట్‌కూ రెండు ట్రాకులూ విడివిడిగా తీసుకుంటున్నాను. హైఫై లేని క్యాసెట్లే ఎక్కువ, అయినా చూడకుండా వదలను.

తరవాతి పని కంప్యూటర్‌లోది. పాత వీడియోలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, సెకనులో యాభయ్యో వంతు తేడాతో రాసి ఉంటుంది. కంప్యూటర్ తెర మీద తలంబ్రాలు పోసే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపించేది ఇందువల్లే. క్యూటీజీఎంసీ వంటి పనిముట్టుతో వాటిని సెకనుకు 50 నిండు ఫ్రేములు చేస్తే కదలిక అప్పటిలాగే నునుపుగా వస్తుంది. ముఖాలను కొత్తగా గీసే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లను నేను వాడను. లేని కనురెప్పలు, లేని పళ్లు కల్పించి అవి అమ్మమ్మ ముఖాన్ని మరెవరిదో చేసేస్తాయి.

పని పూర్తయ్యాక క్యాసెట్ తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని పారేయవద్దని చెబుతాను. హెడ్ల నుంచి వచ్చే ముడి సంకేతాన్నే నేరుగా పట్టుకుని, వీసీఆర్ చేసే మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌తో చేయించే వీహెచ్‌ఎస్-డీకోడ్ అనే పద్ధతి ఇప్పటికే నడుస్తోంది. రేపు ఇంతకన్నా బాగా తీయగలిగినా అసలు టేపు ఉంటేనే కదా. న్యూజెర్సీ బేస్‌మెంట్లలో అటకకు తీసిపోని చెమ్మ ఉంటుంది కాబట్టి, చివరిదాకా తిప్పి మళ్లీ మొదటికి చుట్టి, పడుకోబెట్టకుండా నిలువుగా, మనం ఉండే గదిలోని బీరువాలో పెట్టమంటాను.