ఈఈజీ పుట్టిన ఊరు చూసొచ్చాను

గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చి ఈసీఈ చదివిన రోజుల్లో నాకు సిగ్నల్ అంటే ఆసిలోస్కోప్ మీద బుద్ధిగా కదిలే సైన్ వేవ్. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పీహెచ్‌డీకి చేరాక తెలిసింది, ఈఈజీ తీయాలంటే, అంటే తల మీద నుంచి మెదడు విద్యుత్ సిగ్నల్ పట్టాలంటే, ముందు వెంట్రుకలతో యుద్ధం చెయ్యాలని. ముక్కు మొదలు నుంచి తల వెనక బొడిపె దాకా టేపుతో కొలిచి, సరిగ్గా సగం దగ్గరకు నడినెత్తి ఎలక్ట్రోడ్ (సిగ్నల్ పట్టే లోహపు బిళ్ల) వచ్చేలా ఎలక్ట్రోడ్ల టోపీ సర్దాలి. తర్వాత ఒక్కో చిల్లులోంచి మొద్దు సూదితో జుట్టు తప్పించి, చర్మం కాస్త గీరి, జెల్ ఎక్కించాలి. స్క్రీన్ మీద ఇంపీడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకు ఉన్న అడ్డు) చుక్క ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారాలి. కొబ్బరినూనె తలైతే ఆ పూటంతా ఎరుపే! తలంటు పోసుకుని, నూనె రాయకుండా రమ్మని మన ఊళ్లో టెక్నీషియన్లు ఊరికే చెప్పరు.

ఈ విద్యకు మూలపురుషుడు హాన్స్ బెర్గర్. ఆయన పనిచేసిన యేనా మాకు రైల్లో గంట పైచిలుకు దూరం. ఒక శనివారం మా ల్యాబ్ సీనియర్, కేరళమ్మాయి, నన్ను బయల్దేరదీసింది. నౌంబుర్గ్ దగ్గర ద్రాక్షతోటలు, ఆపైన సాలె నది, కొండ అంచున డోర్న్‌బుర్గ్ కోటలు. కిటికీ పక్క సీటు దొరకడం నా అదృష్టం.

యేనా చిన్న ఊరే. ఎక్కణ్ణుంచి చూసినా గుండ్రటి యెన్‌టవర్ కనిపిస్తుంది కాబట్టి దారి తప్పే టెన్షన్ లేదు. బజారు చౌకులో బ్రాట్‌వుర్స్ట్ తిని, 1926లో తెరిచిన జైస్ ప్లానెటోరియాన్ని బయట నుంచే చూసి, ఫిలాసఫర్ల దారి అనే ఎత్తు రోడ్డు ఎక్కాం. మానసిక వైద్యశాల ఉన్నది అక్కడే. బెర్గర్ దాని అధిపతి. పగలు రోగులు, ఉద్యోగ బాధ్యతలు. తీరిక దొరికినప్పుడు, పెద్దగా ఎవరికీ చెప్పకుండా, ఈ ప్రయోగాలు.

కుర్రతనంలో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్నాడట. దూరాన ఉన్న అక్కకు అదే రోజు మనసు కీడు శంకించి, తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించింది. మనసు నుంచి మనసుకి ఏదో ప్రసారమైందని ఆయన నమ్మాడు, ఆ శక్తిని వెతుకుతూ మెదడు దాకా వచ్చాడు. వెతికిందొకటి, దొరికింది ఇంకోటి.

1924 జూలై 6న, సర్జన్ గులెకె ఆపరేషన్ చేస్తున్న 17 ఏళ్ల కుర్రాడి తల నుంచి తొలి రికార్డింగ్ తీశాడు. అచ్చు వేయించింది 1929లో! నడుమ ఐదేళ్లూ తనను తానే నమ్మలేదు. ఇది మెదడుదా, నెత్తురు కొట్టుకోవడమా, కండరమా? కొడుకు క్లాస్ తలకూ ఎలక్ట్రోడ్లు పెట్టి చూశాడు. కళ్లు మూస్తే సెకనుకు పది సార్లు లేచే ఆ అల, కళ్లు తెరిస్తే అణిగిపోతుంది. వోల్టులో లక్షల వంతుల లెక్క అది. పళ్లు బిగించినా, కనురెప్ప వాల్చినా దానికి ఎన్నో రెట్ల గీత గీస్తుంది. మా ట్రైనింగ్‌లో నెలల తరబడి నేర్పేది కూడా ఈ అనుమానమే. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు అదే చేసి చూపాక గానీ లోకం ఆయన మాట పట్టించుకోలేదు.

అక్కడే మెట్ల మీద కూర్చుని మా సీనియర్ మిగతా కథ చెప్పింది. నాజీల కాలంలో, జబ్బు మనుషులకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల కేసులు తేల్చే కోర్టులో ఈ బెర్గర్ కూర్చున్నాడు. 1941లో ఉరేసుకున్నాడు. పాఠ్యపుస్తకాల్లో నాకు తగిలింది మొదటి సగమే.

తిరుగు రైల్లో మా ఇద్దరికీ వాదన. థీసిస్ మొదటి అధ్యాయంలో ఆయన రికార్డింగ్‌తో పాటు ఆ కోర్టు సంగతీ రాస్తానన్నాను. "ఎగ్జామినర్లు అడిగేది నీ డేటా గురించి, అతని పాపాల గురించి కాదు" అంది తను. అడగకపోయినా రాస్తానన్నాను. నౌంబుర్గ్ దాటినా మా వాదన తెగలేదు.