ఫ్లోరైడ్ అంటే మా పాపకొకటి, మా అమ్మకొకటి

ఎండాకాలం సెలవులకి డల్లాస్ నుంచి నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు మా ఊరికి వచ్చినం, పాప కెమిస్ట్రీ పుస్తకం గూడ తెచ్చుకున్నది. అరుగు మీద కూసోని అడిగింది, మమ్మీ, ఫ్లోరిన్‌తోటి హైడ్రోజన్ బాండ్, అంటే ఒక అణువుల హైడ్రోజన్ పక్క అణువుని పట్టుకునే పట్టు, చాలా గట్టిది అంటరు కదా, మరి హెచ్ఎఫ్, అదే హైడ్రోజన్ ఫ్లోరైడ్, 19.5 డిగ్రీలకే ఎందుకు మరుగుతది, నీళ్లు 100 దాకా ఎందుకు ఆగుతయి అని.

నేను తెలుగు మీడియం, మరుగు స్థానం, ద్రవీభవన స్థానం అనే మాటలే ముందు నోట్లకొస్తయి, దానికవి అర్థంగావు. చేతులు చాపి చూపెట్టిన. నీటి అణువుకి రెండు హైడ్రోజన్లు, ఆక్సిజన్ మీద రెండు ఎలక్ట్రాన్ జంటలు, అందుకే చుట్టూ నలుగురిని పట్టుకుంటది. హెచ్ఎఫ్‌కి ఒక్కటే హైడ్రోజన్, ఇటొకరు అటొకరు, గొలుసు లెక్క. పట్టు గట్టిదే గాని పట్టులు తక్కువ. అందుకే గడ్డకట్టిన హెచ్ఎఫ్ మైనస్ 83 దగ్గర్నే కరుగుతది, మంచు 0 దాకా కరగదు. ఈ పట్టు సరిగ్గ లేని హైడ్రోజన్ సల్ఫైడ్ నీళ్లకన్న బరువైన అణువే, అయినా మైనస్ 60కే మరిగిపోతది.

ఫ్లోరైడ్ అన్న మాట చెవిన పడంగనే మా అమ్మ బియ్యం చేట పక్కకు పెట్టింది. "ఆ పేరెందుకు ఎత్తుతున్నరే" అన్నది. పాపకి ఫ్లోరైడ్ అంటే టూత్‌పేస్ట్, పళ్లకి మంచిది. అమ్మకి అంటే బోరు నీళ్లు, మా పెద్దమ్మ వంగిపోయిన నడుము. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటది ప్రపంచ ఆరోగ్య సంస్థ, మా దిక్కు రాళ్లల్ల నుంచి ఊరే నీళ్లల్ల చాలా చోట్ల అంతకు మించే ఉండేది.

"అమ్మమ్మా, నీళ్లు బాయిల్ చేస్తే పోతది కదా, 19.5కే?"

"మసలబెట్టినం బిడ్డా, ఎన్నేండ్లో మసలబెట్టినం."

నాకు గొంతు పట్టుకున్నది. నీళ్లల్ల ఉండేది హెచ్ఎఫ్ కాదు, ఫ్లోరైడ్ అయాన్, అంటే చార్జ్ ఉన్న ఫ్లోరిన్ పరమాణువు, నీటి అణువులు అవే హైడ్రోజన్ బంధాలతోటి దాన్ని చుట్టుకొని ఉంటయి. మసలబెడితే నీళ్లు ఆవిరైతయి, అది గిన్నెలనే ఉంటది, ఇంకా చిక్కగైతది. దాన్ని తీయాలంటే పటిక, సున్నం వేసి తేర్చాలె, దాన్నే నల్గొండ పద్ధతి అంటరు, మా జిల్లా పేరు పుస్తకాలల్ల అట్ల ఎక్కింది. తర్వాత కృష్ణ నీళ్లు నల్లాలకు వచ్చినయి. ఇదంతా పాపకి ఇంగ్లీషుల గబగబా చెప్పిన, అమ్మకి మాత్రం తెలుగుల చెప్పలేకపోయిన.

"ఏమంటున్నదే మీ అమ్మ?" అని అడిగింది పాపను.

అది చాలాసేపు మాటలు వెతుక్కున్నది. "నీళ్లు పోయినయి అమ్మమ్మా, అది పోలేదు."

"అట్లనా" అని అమ్మ చేట మళ్ల ఒళ్లోకి తీసుకున్నది.