పారిజాతాల లెక్క
దసరా సెలవుల్లో విజయనగరం పెరటి చెట్ల కింద తెల్లారేసరికి పారిజాతాలు రాలి ఉంటాయి. ఎండెక్కక ముందే పిల్లలతో ఏరించండి, వాడిపోతే రేకులు లెక్కకు అందవు. చిన్నవాళ్లకు 10 పూలు లెక్కపెట్టడం చాలు. చురుకైన పిల్లలకు 50 ఇవ్వండి: 5, 6, 7, 8 రేకులున్న పూలలో ఏవి ఎక్కువో ముందు ఊహించి, తర్వాత గీతలు గీసి లెక్క తేల్చాలి. ఊహ తప్పితే ప్రశ్నలు పుడతాయి. అప్పుడు మాత్రం జవాబు చెప్పేయకండి, దయచేసి!

ఈ పూల నారింజ రంగు కాడలు గుప్పెడు గిల్లి, అరగ్లాసు వేడినీళ్లలో (పెద్దవాళ్లే పోయాలి) 15 నిమిషాలు నానబెడితే పసుపు రంగు దిగుతుంది. నీళ్లెక్కువైతే పలచనే. రెండు తెల్లగుడ్డ ముక్కలు ముంచి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో వారం ఉంచండి. ఏది ముందు వెలిసిందో వాళ్లే చూస్తారు.