బాగున్న రోజు కూడా రెండు పఫ్‌లు

కార్తీక సోమవారం.

పొద్దున్నే అమ్మ తలస్నానం నీళ్ల చప్పుడుకి మెలకువ వచ్చింది. మా పిల్లి సింగారి నా కాళ్ల దగ్గర దుప్పటి మీద ముడుచుకుని పడుకుని ఉంది. లేవగానే దాని డొక్క చూడటం నాకు అలవాటైపోయింది. డొక్క ఒకసారి పైకి లేచి కిందకి దిగితే ఒక శ్వాస. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణిస్తాను. ఇవాళ 24. నిద్రలో ఉన్న పిల్లికి నిమిషానికి 30 లోపు ఉంటే ఫరవాలేదట. అంతకు మించి అలాగే ఉండిపోతుంటే ఫోన్ చేయమన్నారు డాక్టరుగారు, 40 దాటితే ఇంకేమీ ఆలోచించకుండా బయల్దేరి రమ్మన్నారు. ఆడిన వెంటనే లెక్కపెట్టకూడదు, గుర్రు గుర్రుమంటున్నప్పుడు కూడా లెక్క సరిగ్గా రాదు. గాఢంగా నిద్రపోయేటప్పుడు చూడాలి. పుస్తకంలో రాసుకుని లేచాను.

సింగారికి ఆస్తమా. పిల్లికి ఆస్తమా ఏంటి అనే అడుగుతారు అందరూ. మనుషులకి వచ్చినట్టే వస్తుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లే సన్నటి గొట్టాలు, పొగో దుమ్మో ఏదో ఒకటి పడక వాచిపోతాయి, వాటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల జిగురు పేరుకుంటుంది, దాంతో దారి ఇరుకైపోయి పీల్చిన గాలి బయటికి పోవడమే కష్టమవుతుంది. చిక్కేమిటంటే పిల్లి దగ్గు మన దగ్గులా వినిపించదు. నేలకి అంటుకుపోయినట్టు కూర్చుని, మోచేతులు పక్కలకి పెట్టి, మెడ ముందుకి చాపి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చేస్తుంది, చివర్లో ఒకసారి గుటక వేస్తుంది, అంతే, మళ్లీ మామూలుగా నడుచుకుంటూ వెళ్లిపోతుంది. చూసినవాళ్లు ఒంటిమీద వెంట్రుకలు నాక్కుంది కదా, ఆ ఉండ కక్కడానికి చూస్తోంది అనుకుంటారు. ఉండ బయటికి రాకుండా అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

ఆరున్నరకి పఫ్. ఇది మెడికల్ షాపులో మనుషులకి అమ్మే ఇన్‌హేలరే, లోపలి వాపు తగ్గించే ఫ్లూటికాసోన్ మందుది. చంటిపిల్లలకి వాడే మాస్కు ఉన్న స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, తెచ్చుకున్నాం. పిల్లుల కోసమే చేసిన స్పేసర్లు కూడా ఉన్నాయి కానీ మా డాక్టరుగారు ముందు దీంతో మొదలుపెట్టండి, మూతికి సరిగ్గా అమరితే ఇదే చాలు అన్నారు. అమరింది. ఇన్‌హేలర్ బాగా ఊపి, స్పేసర్‌కి తగిలించి, సింగారి మొహానికి దూరంగా పెట్టి నొక్కుతాను, ఎందుకంటే ఆ బుస్సుమనే శబ్దం పిల్లికి అచ్చం ఇంకో పిల్లి బుసకొట్టినట్టు ఉంటుంది, మొహం దగ్గర నొక్కితే ఇంక ఆ మాస్కు దగ్గరికి రానే రాదు. వెంటనే మాస్కు మూతికి ఆనించి పది శ్వాసలు. స్పేసర్ లోపల చిన్న రబ్బరు రెక్క ఒకటి ఉంటుంది, శ్వాస తీసిన ప్రతిసారీ అది టప్ టప్‌మని కదులుతుంది. నేను దాన్నే చూస్తూ లెక్కపెడతాను. ఇవాళ సింగారి కళ్లు సగం మూసుకుని, మీసాలు మాస్కు అంచుకి నొక్కుకుపోయి, ఒక ముందుకాలు నా మణికట్టు మీద వేసి కూర్చుంది. ఏడో శ్వాస దగ్గర చెవి ఒకటి వెనక్కి తిప్పింది, వంటింట్లో గిన్నె చప్పుడు. కదల్లేదు. పదో శ్వాస అవగానే మాస్కు తీసి, తడిగుడ్డతో మూతి తుడిచాను, ఆ మందు బొచ్చు మీద ఉండిపోకూడదు, నాక్కుంటే కడుపులోకి పోతుంది.

ఇలా కూర్చోవడం దానికి ఒక్క రోజులో రాలేదు. మొదట ఖాళీ మాస్కు నేల మీద పడేసి దాని అంచుకి కాస్త తిండి పూసేదాన్ని. వాసన చూసి నాకేది. తర్వాత నా చేతిలో పెట్టుకుని, తర్వాత ఒక్క క్షణం మూతికి తాకించి, తర్వాత రెండు శ్వాసలు, అలా. బలవంతంగా పట్టుకుంటే పిల్లి భయపడి ఇంకా వేగంగా శ్వాస తీస్తుంది, ఆస్తమా ఉన్న పిల్లికి అసలు టెన్షనే పడదు. మామూలుగా అయితే పఫ్ అయ్యాక ఉడికించిన చికెన్ ముక్క ఇస్తాం, కార్తీకమాసంలో మా ఇంట్లో నీసు వండరు కాబట్టి ఇప్పుడు పిల్లుల కోసం అమ్మే క్రీము ప్యాకెట్ నాకిస్తున్నాం. అది కూడా కొంచెమే, బరువు తగ్గించమన్నారు, లావుగా ఉన్న పిల్లికి ఆయాసం ఇంకా ఎక్కువట.

అమ్మ గురించి రాయాలి. అమ్మకి కార్తీకమాసమంటే ప్రాణం. చన్నీళ్ల స్నానం, తులసి దగ్గర దీపం, సోమవారం ఉపవాసం, పొద్దుటా సాయంత్రం ఇల్లంతా సాంబ్రాణి. ఆ సాంబ్రాణి వాసనతోనే నేను పెరిగాను, అది లేని కార్తీకం ఎలా ఉంటుందో నాకూ తెలీదు. డాక్టరుగారు అగరబత్తీ, సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ స్ప్రే, టాల్కం పౌడర్, గాఢమైన ఫినాయిల్, అన్నీ మానేయమని ఒకటొకటిగా చెప్తుంటే నేను అమ్మ మొహం వైపు చూడలేకపోయాను. ఇంటికొచ్చాక అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు దేవుడి గదిలో నువ్వులనూనె దీపం మాత్రం పెట్టి, అగరబత్తీల డబ్బా తీసి పై అరలో పెట్టేసింది. ఇవాళ పొద్దున కూడా తులసికోట దగ్గర దీపం వెలిగించి, బాల్కనీ తలుపు వేసి, హారతి కర్పూరం బయటే ఇచ్చి, పూర్తిగా ఆరిపోయాకే లోపలికి వచ్చింది. "దేవుడికి పూలున్నాయి, దీపముంది, చాలు. నోరు లేనిది ఆయాసపడుతుంటే ఆ ధూపం ఆయనకి మాత్రం ఏం బాగుంటుందే" అంది. అమ్మని చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయలేను.

ఎనిమిదింటికి కింద రోడ్డు పక్కన ఎండుటాకులు, చెత్త కుప్ప చేసి తగలబెట్టారు. చలికాలం కదా, పొగ పైకి పోకుండా అలాగే కిందే కమ్ముకుని మా రెండో అంతస్తు దాకా వచ్చేస్తుంది. గబగబా కిటికీలన్నీ వేశాను. అయినా వంటింటి కిటికీలోంచి కాస్త వచ్చే ఉంటుంది.

తొమ్మిదిన్నరకి నేను ఆఫీసు కాల్‌లో ఉండగా టేబుల్ కింద నుంచి ఆ చప్పుడు. సింగారి నేలకి వంగి, మెడ చాపి, దగ్గు. కాల్ మ్యూట్ చేసి ముందు వీడియో తీశాను. ఇది డాక్టరుగారే నేర్పిన పని, ఎందుకంటే క్లినిక్‌కి తీసుకెళ్తే పిల్లి దగ్గదు, అక్కడ భయంతో బిగుసుకుని కూర్చుంటుంది, మనం నోటితో ఎంత చెప్పినా వీడియో చూపించినంత కాదు. అరనిమిషం పాటు దగ్గింది. నోరు తెరవలేదు. చిగుళ్లు చూశాను, గులాబీ రంగులోనే ఉన్నాయి. పక్క గదిలోకి ఎత్తుకెళ్లి తలుపు వేసి, ఎదురుగా కూర్చుని శ్వాస లెక్కపెట్టాను. 34. పావుగంట తర్వాత 28. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ చేతిలోనే ఉంది కానీ వాడలేదు. అది బిగుసుకున్న గొట్టాల్ని అప్పటికప్పుడు వదులు చేస్తుంది గానీ లోపలి వాపుని తగ్గించదు, అవసరం లేకపోయినా రోజూ వాడుతుంటే మేలు కన్నా కీడే ఎక్కువంటారు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్లు నీలంగా కనిపించినా అది ఒక పఫ్ ఇచ్చి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. వీడియో డాక్టరుగారికి పంపాను. "పొగ వల్లే. ఇవాళ గమనించండి, రోజువారీ మందు మాత్రం ఆపొద్దు" అని సమాధానం వచ్చింది.

నోరు తెరిచి ఊపిరి తీయడం ఒక్కసారి చూశాను. మొన్న ఎండాకాలంలో ఒక రాత్రి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పదు, రొప్పిందంటే అది ప్రాణం మీదకి వచ్చినట్టే. ఆటోలో బుట్ట ఒళ్లో పెట్టుకుని వెళ్లాం, నాన్న దారంతా ఆటో అతనికి "గతుకులు చూసుకో బాబూ" అని చెప్తూనే ఉన్నారు. అక్కడ వాళ్లు దాన్ని ఎక్కువ ముట్టుకోకుండా ముందు ఆక్సిజన్ పెట్టెలో పెట్టారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, కాస్త తేరుకున్నాకే ఎక్స్‌రే. తెల్లటి ఆ వలయాలు నాకింకా కళ్లకి కట్టినట్టు ఉన్నాయి, ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న గారెలు పరిచినట్టు. గొట్టాల గోడలు వాచి మందమైతే ఎక్స్‌రేలో అలా కనిపిస్తాయట. ఊపిరితిత్తుల్లో పురుగులున్నా ఇలాగే దగ్గుతుంది కాబట్టి నులిపురుగుల మందు కోర్సు కూడా వాడించారు, గుండె సంగతీ చూశారు. మొదట వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ మాత్రలు, వాటితో పాటే ఇన్‌హేలర్ మొదలు. ఇన్‌హేలర్ పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అందుకని మాత్రలు ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. మాత్రలే ఏళ్ల తరబడి వేస్తే బరువు పెరుగుతుంది, షుగర్ వచ్చే ప్రమాదం ఉంది. పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది, ఒంట్లోకి చేరేది చాలా తక్కువ.

ఇంకో మాట కూడా ఇక్కడే రాసి పెట్టుకుంటున్నాను, పిల్లులున్న స్నేహితులందరికీ చెప్తూనే ఉంటాను. దగ్గుతోంది కదా అని మన మాత్రలు మనమే ఇచ్చేయకూడదు. పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

మధ్యాహ్నం నేను తడిగుడ్డతో ఇల్లు తుడిచాను, చీపురు పడితే దుమ్ము లేస్తుంది కాబట్టి చీపురు బాల్కనీకే పరిమితం. దాని దొడ్డికి వాడే మట్టి కూడా మార్చాం, పోస్తుంటే పొడి లేచే రకం మానేసి టోఫు గుళికలు వాడుతున్నాం. ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టే ముందు అమ్మ "తలుపెయ్యవే" అని కేకేస్తుంది, నేను సింగారిని పడగ్గదిలో పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాను. ఇవన్నీ ఇప్పుడు ఎవరూ గుర్తుచేయక్కర్లేకుండానే జరిగిపోతున్నాయి.

సాయంత్రం పక్క ఫ్లాట్ ఆంటీ ప్రసాదం ఇవ్వడానికి వచ్చారు. సింగారి అప్పుడే తాడు ముక్క కోసం సోఫా మీదకీ కిందకీ ఎగురుతోంది. "బానే గంతులేస్తోంది కదమ్మా, ఇంకా ఆ మందు దేనికి? ఇన్‌హేలర్ ఒకసారి పట్టుకుంటే అలవాటైపోతుందంటారు" అన్నారు. ఆవిడ చెడుగా అనలేదు, ఆవిడకి సింగారంటే ఇష్టమే. నేను చెప్పేలోపు నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

నాన్నకి కుర్రతనం నుంచీ ఉబ్బసం. నా చిన్నప్పుడు మృగశిర కార్తె వస్తే చేప ప్రసాదానికి వెళ్లేవారు. నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టిన కొర్రమీను పిల్లని బతికుండగానే మింగడం, ఆ తర్వాత 45 రోజుల పథ్యం, అన్నీ నిష్ఠగా చేశారు. ఇన్‌హేలర్ మాత్రం వద్దనేవారు, ఇదే మాట, అలవాటైపోతుందని. రాత్రిళ్లు మంచం మీద కూర్చుని, దిండు ఒళ్లో పెట్టుకుని దాని మీదకి వంగి ఊపిరి కోసం పెనుగులాడటం నేనూ అన్నయ్యా తలుపు పక్కన నిలబడి చూసేవాళ్లం. ఇప్పుడు చాలా ఏళ్లుగా రోజుకి రెండుపూటలా తీసుకుంటున్నారు, ఆ రాత్రిళ్లు మళ్లీ రాలేదు. ఆంటీతో అన్నారు, "అమ్మా, అది గంతులేస్తున్నది ఆ మందు వల్లే. నాకు బాగుందని నేను మానేసిన ప్రతిసారీ పదిహేను రోజులు బాగానే ఉండేవాణ్ణి. ఆ తర్వాత మా ఆవిడే నిద్ర మానుకునేది." ఆంటీ కాసేపు ఊరుకుని, వాళ్ల మనవడికి కూడా డాక్టరు ఇన్‌హేలరే రాశారని, కోడలు వాడటానికి భయపడుతోందని చెప్పారు. నాన్న ఆవిడకి స్పేసర్ ఎలా పట్టుకోవాలో సింగారి స్పేసర్‌తోనే చూపించారు.

నేను సింగారి విషయంలో నమ్మేది కూడా ఇదే. దగ్గు కనిపించకపోయినా లోపల వాపు ఉంటూనే ఉంటుంది, ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు, అదుపులో ఉంచుకునేది. ఊరెళ్లాలంటే పఫ్ ఇవ్వడం వచ్చినవాళ్లు ఇంట్లో ఉండాలి, అందుకే ముగ్గురం నేర్చుకున్నాం.

ఆరున్నరకి సింగారికి పఫ్ ఇచ్చాను, తర్వాత నాన్న తనది తీసుకుని నోరు పుక్కిలించుకున్నారు. అమ్మ నక్షత్రం చూసి దీపం పెట్టి ఉపవాసం విడిచింది. పౌర్ణమికి 365 వత్తులు ఈసారి గుళ్లోనే వెలిగిస్తానని భోజనాల దగ్గర తనే చెప్పింది, అంత నెయ్యి పొగ ఇంట్లో వద్దులే అని. భోగికి మాత్రం అపార్ట్‌మెంట్ ముందే మంట వేస్తారు, ఆ తెల్లవారుజామున సింగారిని తీసుకుని అన్నయ్య వాళ్లింటికి వెళ్లిపోవడమే నయమేమో, వదినని అడగాలి. ఇన్‌హేలర్ మీద అంకె 20 దగ్గరికి వచ్చింది, రోజుకి రెండు చొప్పున పదిరోజులకి సరిపోతుంది, రేపే కొత్తది తెచ్చుకోవాలి. పొద్దున్నే కిందకి దిగి ఆ ఆకులు తగలబెట్టేవాళ్లతో మాట్లాడాలి. సంచులిస్తే నింపి చెత్త బండికి వేస్తారేమో అడుగుతాను, సంచులు నేనే కొంటాను.