ఇదొక్కటి అయ్యాక

మొదట గ్యాస్ అనుకున్నాను. ఎడమవైపు పక్కటెముకల మీద సూదులు గుచ్చినట్టు ఉంటే వాము నీళ్లు తాగి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రెండో రోజుకి నొప్పి వీపు దాకా పాకింది, గుండె ఏమో అని భయం వేసి బెంగళూరు కుందలహళ్లిలో మా వీధి చివర క్లినిక్‌కి వెళ్లి ఈసీజీ తీయించుకుంటే అంతా బాగానే ఉందన్నారు. బాగానే ఉందంటే ఇక పని చేసుకోవచ్చనే నాకు అర్థమైంది. ఆ రాత్రి కూడా పదకొండున్నర దాకా అమెరికా వాళ్లతో కాల్‌లోనే ఉన్నాను. చున్నీ అంచు తగిలితే చాలు నిప్పు కణిక పెట్టినట్టు మంట, తగలకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని మాట్లాడాను.

మూడో రోజు పొద్దున స్నానం చేస్తుంటే కనపడ్డాయి. ఎర్రటి మచ్చల మీద ఆవగింజలంత నీటి పొక్కులు, వెన్ను దగ్గర మొదలై పక్క నుంచి ముందుకు పట్టీ కట్టినట్టు వచ్చాయి. కింద ఇంట్లో ఉండే ఓనర్ ఆంటీ చూడగానే కన్నడలో "సర్ప సుత్తు" అన్నారు. మా నంద్యాల వైపు సర్పి అంటాం, ఇంగ్లీషులో షింగిల్స్. అది పాములా ఒళ్లంతా చుట్టి తల, తోక కలిస్తే ప్రాణానికే ప్రమాదం, వెంటనే ఎర్రమన్ను పూయించమని ఆవిడ ప్రేమగానే చెప్పారు, నాకు మాత్రం కాళ్లు వణికాయి.

స్కిన్ డాక్టరు గారు చిన్నప్పుడు అమ్మవారు, అంటే చికెన్‌పాక్స్, పోసిందా అని అడిగారు. పోసింది, ఆరో తరగతిలో. ఆ వైరస్ మళ్లీ ఒంట్లోంచి పోదట, వెన్ను పక్కన నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉండి, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు లేచి ఒక నరం వెంబడి చర్మం మీదికి వస్తుందట. ఆ నరం ఒంట్లో ఒక సగానికే వెళ్తుంది కాబట్టి పాము చుట్టేయడం అనేది ఉండదని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. పొక్కులు కనపడ్డ 72 గంటల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుందని, వాలసైక్లోవిర్ రోజుకు మూడుసార్లు, 7 రోజులకు రాశారు. పొక్కులు ఎండేదాకా గర్భిణులకు, ఇంకా అమ్మవారు పోయని పిల్లలకు దూరంగా ఉండమన్నారు. ఈ రెండు సంగతులూ దయచేసి గుర్తుపెట్టుకోండి. షుగర్ లేదని తేలాక ఆవిడ పెన్ను పక్కన పెట్టి, రోజూ ఎంతసేపు పడుకుంటావమ్మా అన్నారు. నాలుగు గంటలన్నాను. ఎన్నాళ్లుగా అంటే చెప్పలేకపోయాను. అదొక్కటే కారణమని తేల్చలేం గానీ నిద్ర లేని ఒళ్లు ఎంతకని కాచుకుంటుంది అన్నారు.

సెలవు పెట్టి పడుకున్నాను. ఫ్యాన్ గాలి తగిలినా మంటే, మా ఆయన పాత బనియన్ ఒక్కటే ఒంటి మీద ఓర్చుకోగలిగాను. ఒళ్లు మంచం మీద ఉందే గానీ బుర్ర ఆఫీసులోనే తిరిగేది, ఆ రిలీజ్ ఏమైందో, ఎవరు ఏం అనుకుంటున్నారో అని.

అప్పుడే ఒకరోజు నాన్న ఫోన్ చేశారు. నాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు, ఆయుర్వేదం చదవడం ఆయనకు ఇష్టం. "నీళ్లు తాగుతున్నావా తల్లీ" అని అడిగి, వేగాల సంగతి, అంటే ఒళ్లు తనంతట తాను అడిగేవాటి సంగతి చెప్పారు. ఆపుకోకూడనివి 13 అంటారట. మూత్రం, ఆకలి, దాహం, నిద్ర, ఆవలింత... ఒక్కొక్కటీ చెబుతుంటే నేను లోపల లెక్క పెట్టుకుంటున్నాను. కాల్ మధ్యలో లేవాల్సి వస్తుందని మధ్యాహ్నం నుంచి నీళ్లే తాగేదాన్ని కాదు. లంచ్ బాక్స్ సాయంత్రం నాలుగింటికి తెరిస్తే అన్నం గట్టిపడి ఉండేది. ఒళ్లు ఏది అడిగినా నా దగ్గర ఒకటే జవాబు, ఇదొక్కటి అయ్యాక. చివర్లో నాన్న "కన్నీళ్లు కూడా" అన్నారు. అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ అయిన మర్నాడే లాగిన్ అయ్యాను నేను. ఫోన్‌లో ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. పెట్టేశాక దిండులో మొహం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను, ఆ రాత్రి మధ్యలో లేవకుండా ఆరు గంటలు నిద్రపోయాను.

పొక్కులు రెండు వారాల్లో ఎండిపోయాయి, మంట మాత్రం రెండు నెలలు ఉంది. ఆ రెండు నెలల్లోనే ఒకటి అలవాటు చేసుకున్నాను. రాత్రి పదిన్నరకి లైటు ఆపి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, తీసుకున్న ఊపిరి కంటే వదిలే ఊపిరి కాస్త పొడుగ్గా ఉండేలా చూసుకుంటాను. మొదట్లో రెండు నిమిషాలు కూడా కుదిరేది కాదు, బుర్ర పరుగెత్తేది. ఆలోచన ఆపాలని చూస్తే ఇంకా ఎక్కువయ్యేది. అందుకని ఏడ్చే పిల్లని అడిగినట్టు ఒంటినే అడగడం మొదలుపెట్టాను, దాహమా, ఆకలా, మెడ లాగుతోందా అని. చాలాసార్లు జవాబు చాలా చిన్నదే ఉండేది. దిండు మార్చమనో, మంచినీళ్లు కావాలనో. అది ఇచ్చాక కాసేపటికి బుర్ర దానంతట అదే నెమ్మదించేది.

ఆదివారాలు మెట్రోలో మెజెస్టిక్‌లో మారి లాల్‌బాగ్‌కి వెళ్తాను, పొద్దున్నే కెంపేగౌడ గోపురం దగ్గర బండ మీద కూర్చుంటాను. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లట. చెప్పులు విప్పి అరికాళ్లు ఆనిస్తే చల్లగా ఉంటుంది, ఎండెక్కే కొద్దీ వెచ్చబడుతుంది, అది గమనిస్తూ కూర్చోవడమే నా పని.

బాగా అలిసిపోతే ఆ పక్కటెముకల దగ్గర ఇప్పటికీ చిమచిమలాడుతుంది. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి కాల్‌లో ఉండగా మొదలైంది, ఇంకా ఇరవై నిమిషాల పని ఉంది. మిగతాది రేపు చూద్దామని చెప్పి లేచి, వంటింట్లోకి వెళ్లి గ్లాసెడు మజ్జిగ తాగాను.